దానపత్రములకు దానము
పాత దస్తరముల రక్షణకు ప్రభుత్వ ధనసహాయము: ఒక అధ్యయనము

హైదరాబాదు పాతబస్తీ తూర్పు భాగమున దబీర్‌పురా అను పేట కలదు. ఒకప్పుడు నగరమును చుట్టియుండిన రాతిగోడకు గల పెక్కు దర్వాజాలలో నేడు నిలిచియున్నవి రెండే. వానిలో ఒకటి పురానాపూల్ దర్వాజా, రెండవది దబీర్‌పురా దర్వాజా. మొహర్రం పదవ దినమున బీబీకా అలం ఊరేగింపు బయలుదేరు బీబీకా అలావా ఈ పేటలోనిదే. రైలు స్టేషను ఒకటి ఇదే పేరుతో నున్నది. ఆ పేరును దినమునకు వేలమంది పలుకుచుందురు. దాని అర్థమును తలచువారు అరుదు. దబీరు అనగా ఫారసీ భాషలో వ్రాయసకాడు, దర్బారు లేఖలను వ్రాసి నడపు అధికారి. గోడ కూలినది, కొలువు మారినది, వ్రాయసకాని పేరు మాత్రము పేటకు మిగిలినది. అతని చేతివ్రాత ఏమైనది? దానిని ఎవరు కాపాడుచున్నారు? కాపాడుటకు ధనమెచ్చటినుండి వచ్చును? ఈ మూడు ప్రశ్నలే ఈ పాఠమునకు విషయము.

దస్తరము అనగా నేమి?

దస్తరము అనగా బట్టలో చుట్టి కట్టిన కాగితముల కట్ట. క్రమముగా ఆ మాట ఒక కార్యాలయము తన పని నడపుటలో వ్రాసి ఉంచుకొన్న పత్రములన్నిటికిని పేరైనది. గ్రంథమునకును దస్తరమునకును భేదమున్నది. గ్రంథము ఎవరో చదువవలెనని వ్రాయబడినది. దస్తరము పని జరుగుటకై వ్రాయబడినది. ఎవరికి ఎంత భూమి ఇచ్చిరి, ఎంత పన్ను వసూలైనది, ఏ సిపాయికి ఎంత జీతము, ఏ దేవాలయమునకు దీపపు ఖర్చు ఎంత అను విషయములు దస్తరములయందుండును. వ్రాసినవానికి అది చరిత్ర యను తలంపు లేదు. కావుననే అది నమ్మదగిన చరిత్రయైనది.

హైదరాబాదు రాజ్యపు పాత పత్రములలో ముఖ్యమైన వానిని పరిశీలించినచో ఒక విశేషము కనబడును. వానిలో అధికభాగము దానములకు సంబంధించినవే. ఫర్మానా, సనదు, ఇనాము పత్రము, జాగీరు లెక్క, విచారణానంతరము ఇనాముదారు హక్కును నిర్ణయించి ఇచ్చు ముంతఖబు, ఇవియన్నియు ఏదో ఒక రూపమున ఇచ్చుటను గూర్చినవే. ఆషుర్‌ఖానాకును, దర్గాకును, దేవాలయమునకును, జంగమ మఠమునకును ఇచ్చిన మాన్యములు ఒకే దస్తరమున ప్రక్కప్రక్కన నుండును. జాగీర్ల రద్దు 1949లో జరిగెను. అతియ్యాత్ విచారణల చట్టము 1952లోను, ఇనాముల రద్దు చట్టము 1955లోను వచ్చెను. అయినను ఆ పత్రముల అవసరము తీరలేదు. మఠపు భూమి ఎంతవరకున్నది, శ్మశానపు హద్దు ఏది, చెరువు ఎవరిది అను తగవు వచ్చినపుడెల్ల పాత ముంతఖబు నకలుకై నేటికిని జనులు తిరుగుచునే యున్నారు. ఆ కాగితము పొడియై పోయినచో చరిత్రకారునికి ఒక అధారము తగ్గును. బీదవానికి, దిక్కులేని సంస్థకు హక్కే పోవును. కాగితము లేనిచోట బలవంతుని మాటయే సాక్ష్యమగును.

ఇచ్చట గల వింత యిది: నాటి దానములను నిరూపించు పత్రములే నేడు దానమునకై ఎదురుచూచుచున్నవి.

హైదరాబాదు దస్తరముల కథ

నిజాముల పరిపాలనలో రెవెన్యూ లెక్కలు చిరకాలము దఫ్తరె దివానీ, దఫ్తరె మాల్ అను రెండు కార్యాలయములలో నుండెను. రాయరాయాన్ వంశమువారును, మాల్వాలా వంశమువారును వానిని వంశపారంపర్యముగా నడపిరి. దస్తరములు ఎవరి ఇంటనుండెనో అధికారమును వారి ఇంటనే యుండెను. 1853లో దివానైన మొదటి సాలార్‌జంగు పరిపాలనను సంస్కరించి, ఆ వంశముల పట్టును సడలించి, లెక్కలను ప్రభుత్వపు అధీనమునకు తెచ్చెను. ఇంటి ఆస్తిగా నున్న దస్తరము ప్రజల ఆస్తిగా మారుటకు అది నాంది. ప్రజల ఆస్తియైన పిదప దాని పోషణభారము ప్రజాధనముపై పడుట న్యాయమే.

ఆ దఫ్తరె దివానీయే కాలక్రమమున కేంద్ర దస్తర కార్యాలయమై, 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన పిదప స్టేట్ ఆర్కైవ్స్‌గా రూపొంది, తార్నాకలో స్వంత భవనమును పొందెను. 2014 తరువాత అది తెలంగాణ రాష్ట్ర సంస్థగా నడచుచున్నది. అందు నాలుగు కోట్లకు మించిన పత్రములున్నవని లెక్క. అధికభాగము ఫారసీ, ఉర్దూ భాషలలోనివి. ఫిరోజ్ షా బహమనీ కాలమునాటి 1406 సంవత్సరపు పత్రము వానిలో అతి ప్రాచీనమైనది. షాజహాను, ఔరంగజేబుల కాలమునాటి దక్కను పత్రములు లక్షన్నరకు పైబడియున్నవి. సిపాయి ముఖచిహ్నములను, అతని గుఱ్ఱపు రంగును వ్రాసి ఉంచిన హాజరు పత్రములు కూడ వానిలో కలవు. ఈ రాశినుండి ఏరిన షాజహాను కాలపు పత్రములు 1950లోను, ఔరంగజేబు కాలపు పత్రములు 1958లోను హైదరాబాదునందే అచ్చుపడినవి. దేశ చరిత్రకారులు వానిని ఆధారముగా గైకొనిరి. ప్రభుత్వము వెచ్చించిన ధనము ఏ ఫలమునిచ్చునో చూపుటకు ఇది చక్కని నిదర్శనము.

దబీర్‌పురాకు సమీపముననే, మూసీ దక్షిణపు ఒడ్డున, మరియొక నిదర్శనమున్నది. మూడవ సాలార్‌జంగు 1949లో మరణించెను. ఆయన సేకరించిన వస్తువులు, వ్రాతప్రతులు 1951లో దివాన్ దేవిడీయందు ప్రజల దర్శనమునకు వచ్చెను. 1961లో పార్లమెంటు ప్రత్యేక చట్టముచేసి సాలార్‌జంగు మ్యూజియమును జాతీయ ప్రాముఖ్యము గల సంస్థగా ప్రకటించెను. 1968లో అది నేటి భవనమునకు చేరెను. నాటినుండి కేంద్ర ప్రభుత్వము దానిని ఏటేటా పోషించుచున్నది.

ప్రజాధనము రెండు రీతుల వచ్చునని దీనివలన తెలియుచున్నది. మొదటిది ఏటేటా వచ్చు భృతి. రెండవది ఒక నిర్ణీతమైన పనికై ఒకమారు వచ్చు గ్రాంటు. మొదటిది చట్టమువలన గాని, బడ్జెటువలన గాని సిద్ధించును. రెండవది అడిగినవానికే, అదియును అడుగుట తెలిసినవానికే వచ్చును. చిన్న సంస్థలకు, మఠములకు, గ్రంథాలయములకు, కుటుంబములకు అందుబాటులో నున్నది ఈ రెండవదే.

కాగితము ఎట్లు నశించును?

ధనమెందుకు కావలయునో తెలియవలెనన్నచో నాశమెట్లు కలుగునో తెలియవలెను. వరదయు, అగ్నియు కనబడు శత్రువులు. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరద హైదరాబాదును ముంచివేసినది. అటువంటి దినము శతాబ్దమునకు ఒకటి వచ్చును. దినదినము వచ్చు శత్రువులు వేరు. తేమ, ధూళి, వేడి, చెదలు, వెండిపురుగు, ఎలుక అను ఇవి చప్పుడు లేకుండ పనిచేయును. సిరాలోనే విషముండుట కలదు. దీపపు మసితో చేసిన సిరా కాగితమునకు హాని చేయదు. అన్నభేది, కరక్కాయ కలిపి చేసిన సిరా కాలక్రమమున కాగితమును తినివేసి, అక్షరమున్నచోట అక్షరాకారమున రంధ్రమును మిగుల్చును. పాత చేతికాగితముకంటె పందొమ్మిదవ శతాబ్దాంతమున వచ్చిన చౌక యంత్రపు కాగితము త్వరగా పెళుసెక్కును. తాత వ్రాసిన పత్రము గట్టిగా నుండి, మనుమడు వ్రాసినది ముట్టినంతనే విరుగుట ఇందువలననే.

ప్రేమతో చేయు హాని కూడ ఉన్నది. చినిగినచోట అంగడి జిగురుపట్టీని అతికించినచో కొన్నేండ్లకు అది పచ్చబడి, జిగురు లోనికి ఇంకి, అక్షరమును చెరచును. దుకాణములో వేడియంత్రముపై ప్లాస్టిక్ పొరల నడుమ బిగించిన సనదును మరల విడదీయుట దాదాపు అసాధ్యము. ఇల్లు శుభ్రము చేయుటలో పాత కట్టలను ఏటిలో కలుపుట, చిత్తుకాగితముల క్రింద అమ్ముట అన్నిటికంటె పెద్ద హాని.

ధనము వచ్చెను, మనుష్యులు మిగులలేదు

పాత పత్రములకు ప్రభుత్వము ధనమిచ్చుట క్రొత్త సంగతి కాదు. కర్నల్ కాలిన్ మెకంజీ దక్షిణదేశమంతటను గ్రామ కైఫియతులను, శాసనపు నకళ్లను, వ్రాతప్రతులను సేకరించెను. ఆ పనికి ప్రాణము పోసినవారు కావలి బొర్రయ్య, కావలి లక్ష్మయ్య అను తెలుగు సోదరులు. బొర్రయ్య 1803లోను, మెకంజీ 1821లోను మరణించిరి. పిదప ఈస్టిండియా కంపెనీ మెకంజీ భార్యకు లక్ష రూపాయలిచ్చి ఆ సేకరణమును కొన్నది. తెలుగుదేశపు స్థానిక చరిత్రకు ఆధారమైన పత్రములకు పడిన తొలి పెద్ద ప్రభుత్వ వ్యయము అదియే యనవచ్చును.

కాని కథ అంతటితో ముగియలేదు. ఆ పత్రములను ఎవరు తెచ్చిరో, ఏది ఏ గ్రామమునుండి వచ్చినదో తెలిసినవాడు లక్ష్మయ్య. తన యజమాని విడిచిన పనిని కొనసాగించెదనని 1830ల దశకమున ఆయన అర్థించెను. ఒక దేశీయునికి అంతటి పనిని నిర్వహించు సామర్థ్యముండదని భావించిన పెద్దలు ఆ కోరికను త్రోసిపుచ్చిరి. పత్రములకు లక్ష రూపాయలు దొరికెను. వానిని చదువగలిగినవానికి జీతము దొరకలేదు. పెక్కు కైఫియతులు మరల వెలుగు చూచుటకు శతాబ్దమునకు పైగా పట్టెను. దస్తరమునకు ఇచ్చిన ధనము దానిని తెలిసిన మనుష్యునికి చేరనిచో సగము వ్యర్థమని ఈ చరిత్ర చెప్పుచున్నది.

ఇల్లమ్మి నిలిపిన వాఙ్మయము

రెండవ చరిత్ర ఈ పత్రిక చదువరులకు తెలిసినదే. అయినను ధనవిషయమున దానిని మరల చూడవలసియున్నది. ఫ. గు. హళకట్టిగారు 1880లో ధారవాడలో జన్మించిరి. విజాపురమున న్యాయవాదిగా నుండిరి. శరణుల వచనములు తాళపత్రములలో, ఇండ్ల అటకలపై, మఠముల పెట్టెలలో నశించుచుండుట చూచి, ఊరూర తిరిగి సేకరించిరి. 1923లో వచనశాస్త్రసారము మొదటి భాగము వెలువడినది. అచ్చుపనికై తమ ఇంటిని అమ్మి 1925లో హితచింతక ముద్రణాలయమును నెలకొల్పిరి. 1926లో శివానుభవ పత్రికను ప్రారంభించిరి. 1964లో లింగైక్యము చెందిరి.

హళకట్టిగారి తొలి ప్రచురణమునకు డెబ్బది సంవత్సరముల పిదప, 1993లో, కర్ణాటక ప్రభుత్వము ప్రజాధనముతో సమగ్ర వచన సంపుటములను 15 భాగములుగా ప్రచురించెను. ఒకరి త్యాగము, తరువాత విశ్వవిద్యాలయముల కృషి, ఆ తరువాత ప్రభుత్వపు గ్రాంటు, ఇది క్రమము. ప్రభుత్వము ఇచ్చుటకు సిద్ధపడిననాడు ఇచ్చుటకు తగినది మిగిలియుండుట హళకట్టిగారి వంటివారి కాయకమువలననే. అయితే ఒక ప్రశ్న వేసికొనవలెను. ప్రతి ఊరను ఒక హళకట్టి ఇల్లమ్ముకొనవలసినదేనా? సమాజము మొత్తము పంచుకొనవలసిన భారమును ఒక కుటుంబముపై వేయుట ధర్మమగునా? ఆ భారమును పంచుటకే పన్నులు, ప్రభుత్వములు, గ్రాంట్లు ఏర్పడినవి.

నేటి సహాయములు: రెండు ద్వారములు

భారతదేశమున 1891లో కలకత్తాలో ఇంపీరియల్ రికార్డు శాఖ నెలకొన్నది. అదియే నేడు ఢిల్లీలోని జాతీయ ఆర్కైవ్స్. 1993లో వచ్చిన పబ్లిక్ రికార్డుల చట్టము కేంద్ర ప్రభుత్వపు దస్తరములను చట్టవిరుద్ధముగా నశింపజేయుటను నేరముగా నిర్ణయించి, అయిదు సంవత్సరముల వరకు ఖైదు గాని, పదివేల రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చునని శాసించెను. ఆ చట్టము కేంద్రమునకును, కేంద్రపాలిత ప్రాంతములకును సంబంధించినది. రాష్ట్ర ప్రభుత్వ దస్తరములకు, మఠముల పెట్టెలకు అది వర్తింపదు. చట్టపు రక్షణ లేనిచోట ధనసహాయమే రక్షణోపాయమగుచున్నది.

సహాయమునకు ముఖ్యమైన ద్వారములు రెండు. మొదటిది జాతీయ ఆర్కైవ్స్ ద్వారా నడచు సహాయ పథకములు. రాష్ట్రముల ఆర్కైవ్సులకు, ప్రభుత్వ గ్రంథాలయములకు ఒక పథకమును, స్వచ్ఛంద సంస్థలకు మరియొక పథకమును ఏర్పడినవి. పట్టిక తయారుచేయుట, మరమ్మతు, బీరువాలు, పరికరములు మొదలైన ఖర్చులలో అధికభాగమును ప్రభుత్వమిచ్చును. కొంతభాగమును సంస్థయే భరింపవలెను. రెండవది వ్రాతప్రతుల ద్వారము. 2003 ఫిబ్రవరిలో జాతీయ వ్రాతప్రతుల మిషన్ ఆరంభమైనది. 2025-26 కేంద్ర బడ్జెటులో దానిని జ్ఞానభారతం అను పేర విస్తరించి, మూడున్నర కోట్లుగా నున్న కేటాయింపును 60 కోట్ల రూపాయలకు పెంచిరి. కోటికి పైగా వ్రాతప్రతులను గుర్తించి భద్రపరచుట దాని లక్ష్యము.

ఇచ్చట పెక్కుమంది పొరపడుచుందురు. వ్రాతప్రతుల మిషన్ లెక్కలో వ్రాతప్రతి యనగా కనీసము 75 సంవత్సరముల ప్రాచీనత గల, చేతితో వ్రాసిన, జ్ఞానవిషయము గల రచన. ఫర్మానాలు, రెవెన్యూ లెక్కలు, శాసనములు ఆ నిర్వచనములో చేరవు. ఒక మఠపు పెట్టెలో తాళపత్ర పురాణమును, భూమి సనదును కలిసియున్నచో పురాణము వ్రాతప్రతుల ద్వారమున పోవలెను, సనదు ఆర్కైవ్స్ ద్వారమున పోవలెను. రెంటిని కలిపి ఒకేచోట దరఖాస్తు పెట్టినచో సగము వస్తువు పథకపు పరిధికి బయటనే మిగిలిపోవును.

ఇతర దేశములు ఈ చిక్కును ఎట్లు తీర్చుకొనుచున్నవో చూచుట మంచిది. అమెరికాలో 1934లో జాతీయ ఆర్కైవ్స్‌తో పాటు చారిత్రక ప్రచురణల కొరకు ఒక కమిషన్ ఏర్పడినది. 1964లో దానికి గ్రాంట్లు ఇచ్చు అధికారము లభించెను. 1974లో చారిత్రక దస్తరముల రక్షణ కూడ దాని బాధ్యతలలో చేరెను. ప్రతి రాష్ట్రమునను ఒక సలహా మండలి ఉండి, తమ ప్రాంతపు దస్తరముల అవసరములను గుర్తించి, దరఖాస్తులను పరిశీలించు ఏర్పాటు అక్కడ వృద్ధి చెందినది. దేశ రాజధానిలో కూర్చుండిన అధికారికి దూరపు పల్లెలోని పెట్టె విలువ తెలియదు. స్థానికముగా తెలిసినవారి మాట మొదట వినుట ఆ ఏర్పాటులోని మేలు. మన దేశమునను 1919లోనే చారిత్రక దస్తరముల కమిషన్ ఏర్పడినది. జిల్లా స్థాయిలో అటువంటి సలహా మండలులు బలపడినచో చిన్న సంస్థలకు దారి సుగమమగును.

దరఖాస్తుకు ముందు చేయవలసిన పని

గ్రాంటు ఎవరికి వచ్చును? అవసరమున్నవారందరికి రాదు. తమ వద్ద ఏమున్నదో చెప్పగలిగినవారికి వచ్చును. కావున మొదటి పని దరఖాస్తు కాదు, పట్టిక.

ఉదాహరణకు, ఒక మఠమున మూడు పెట్టెలలో 40 తాళపత్ర కట్టలు, 600 విడి కాగితములు ఉన్నవనుకొందము. మొదట ప్రతిదానికి ఒక సంఖ్య నీయవలెను. సంఖ్యను పత్రముపై సిరాతో వ్రాయరాదు. విడిచీటిపై మెత్తని పెన్సిలుతో వ్రాసి జతపరుపవలెను. పిదప ఒక పుస్తకమున గళ్లు గీసి సంఖ్య, భాష, లిపి, తేది, ఎవరు ఎవరికి వ్రాసినది, విషయము, కొలత, స్థితి అను ఎనిమిది అంశములను నింపవలెను. చదువరాని లిపియైనచో చదువరాదనియే వ్రాయవలెను. ఊహించి వ్రాయరాదు. దినమునకు 20 కాగితములు చూచినను 600 కాగితములకు 30 దినములు చాలును. దీనికి కావలసినది ఒక నోటుపుస్తకము, ఒక పెన్సిలు, ఇద్దరి ఓపిక. ఈ పనికి గ్రాంటు అక్కరలేదు.

పట్టిక పూర్తియైన పిదప స్థితిని బట్టి మూడు తరగతులు చేయవలెను. మొదటిది ముట్టరానంత శిథిలమైనవి, రెండవది మరమ్మతు కోరునవి, మూడవది శుభ్రపరచి చుట్టి ఉంచిన చాలునవి. 600లో 120 మాత్రమే మొదటి తరగతికి చేరినచో, అన్నిటికిని మరమ్మతు కావలెనని అడుగుటకంటె ఆ 120కి మాత్రమే నిపుణుని సహాయము కోరుట మేలు. అడిగినది తగ్గును, నమ్మకము పెరుగును. మూడవ తరగతివానిని ఉతికిన నూలుబట్టలో చుట్టి, నేలకు గోడకు తగులకుండ ఎత్తైన పలకపై ఉంచుట, పూర్వులవలె వసకొమ్మును దగ్గర నుంచుట, ఏడాదికి ఒకమారు నీడలో గాలికి విప్పుట వెంటనే చేయదగినవి. తాళపత్రములకు నిమ్మగడ్డి నూనె పూయుట వాడుకలో నున్నది. కాని మసి పూసిన అక్షరములు చెరుగు ప్రమాదమున్నందున నిపుణుని అడుగక ఆ పని చేయరాదు.

పిదప దరఖాస్తు. అందు అయిదు ప్రశ్నలకు సూటియైన సమాధానములుండవలెను. ఏమున్నది? దానివలన ఎవరికి ఉపయోగము? ఏ పనిని, ఎవరిచేత, ఎంతకాలములో చేయింతురు? ఖర్చెంత, అందు సంస్థ భాగమెంత? గ్రాంటు అయిపోయిన పిదప ఎవరు చూచుకొందురు? అయిదవ ప్రశ్నకు సమాధానము లేని దరఖాస్తు పునాది లేని గోడ వంటిది. దీనికి తోడు సంస్థ రిజిస్టరై యుండుట, లెక్కలు ఏటేటా తనిఖీ యగుట, పేరు మీద బ్యాంకు ఖాతా ఉండుట తప్పనిసరి. పత్రములు పదిలముగా నున్నను లెక్కలు పదిలముగా లేక సహాయమునకు దూరమగు సంస్థలు కలవు.

గ్రాంటు వచ్చిన పిదప

గ్రాంటు నిబంధనలతో కూడిన దానము. ఇది పరాయి ఆచారమని తలపనక్కరలేదు. గుంటూరు మండలమున మల్కాపురమునందలి 1261 నాటి శాసనము చూడుడు. కాకతీయ గణపతిదేవుడును, రుద్రమదేవియు విశ్వేశ్వర శివాచార్యులకు మందడము, వెలగపూడి గ్రామములనిచ్చిరి. ఆ ఆదాయమునుండి ప్రసూతిశాల, ఆరోగ్యశాల, విద్యాశాల, అన్నసత్రము నడచుటకు చేసిన ఏర్పాట్లు రాతిపై చెక్కబడియున్నవి. ఇచ్చినది ఎంతయో చెప్పి ఊరకుండలేదు, ఏ పనికి పోవలెనో కూడ చెప్పిరి. దానికి లెక్క ఉండుట దానమునకు అవమానము కాదు, గౌరవము.

నేటి ప్రభుత్వ ఆర్థిక నియమముల ప్రకారము గ్రాంటు పుచ్చుకొన్న సంస్థ ఆర్థిక సంవత్సరము ముగిసిన 12 నెలలలోపున వినియోగ ధ్రువపత్రము పంపవలెను. గ్రాంటుతో కొన్న వస్తువులకు ప్రత్యేకమైన రిజిస్టరు ఉంచవలెను. అనుమతి లేక వానిని అమ్మరాదు. ఒక పనికి వచ్చిన సొమ్మును మరొక పనికి, అది ఎంత పుణ్యకార్యమైనను, మళ్లింపరాదు. తాళపత్రముల కొరకు వచ్చిన ధనముతో మందిరమునకు సున్నము వేయించినచో అది భక్తి కాదు, నమ్మకద్రోహము. దానివలన ఆ సంస్థయే కాక, పిదప అడుగబోవు సంస్థలన్నియు నష్టపడును.

మరియొక ప్రమాదమున్నది. ధనము కంటికి కనబడు వస్తువులవైపు త్వరగా పరుగెత్తును. బీరువాలు, యంత్రములు, కంప్యూటర్లు కొనుట సులభము. ఆ పత్రమును చదువువానిని తయారుచేయుట కష్టము. హైదరాబాదు రాజ్యమున 1884లో ఫారసీ స్థానమున ఉర్దూ ఆఫీసు భాషయైనది. అంతకు పూర్వపు పత్రములలో పెక్కు షికస్తా అను విరుపువ్రాతలో, చుక్కలు విడిచి, అక్షరములు కలిపి వ్రాయబడినవి. ఫారసీ భాష వచ్చినవారికి సైతము ఆ వ్రాత ప్రత్యేకముగ నేర్వక చదువరాదు. మరాఠీ లెక్కలకు వాడిన మోడి లిపి సంగతియు అట్టిదే. ఛాయాచిత్రము తీసి కంప్యూటరులో దాచిన పత్రమును చదువువాడు లేనిచో చెక్కపెట్టెలోని చీకటి ఇనుపపెట్టెలోనికి మారినదని మాత్రమే చెప్పవలెను. తెలంగాణ ఆర్కైవ్సు 2022లో ఫారసీ, ఉర్దూ పత్రముల మరమ్మతునకు, ఛాయాప్రతుల తయారీకి ఇరాను దేశపు నూర్ మైక్రోఫిల్మ్ కేంద్రముతో ఒప్పందము చేసికొనెను. ఛాయాప్రతుల పని అవసరమైనదే. దానితో పాటు ఈ నగరపు యువకులకే ఆ లిపిని నేర్పు పనియు సాగవలెను. దబీర్‌పురాలో దబీరు లేకపోవుట చూచుచు ఊరకుండరాదు. గ్రాంటులో యంత్రమునకు ఎంతో, నేర్చుకొను విద్యార్థి భృతికిని అంత స్థానముండవలెను. లక్ష్మయ్య విషయమున జరిగిన పొరపాటు మరల జరుగరాదు.

ముగింపు

పై చరిత్రలన్నిటిని కలిపి చూచినచో ఒకే సత్యము తేలుచున్నది. ప్రభుత్వ ధనము దస్తరమును కాపాడగలదు గాని, దస్తరమును ప్రేమింపలేదు. ప్రేమించువారు మొదట పట్టిక వ్రాయవలెను, ధనము పిదప రావలెను. ధనము వచ్చినప్పుడు అది కాగితమునకును, కాగితమును చదువు మనుష్యునికిని సమముగా చేరవలెను. అయిపోయినప్పుడు లెక్క చెప్పవలెను. పట్టిక, పాఠకుడు, లెక్క అను మూడును ఉన్నచోట చిన్న గ్రాంటైనను పెద్ద ఫలమునిచ్చును. అవి లేనిచోట కోట్లు వచ్చినను చెదలకే విందు.

ఎవరి ఇంటనైనను, మఠమునైనను, సంఘమునైనను ఒక పాత పెట్టె తెరువక యున్నచో, ఈ మాసములోనే దానిని తెరచి, మొదటి పత్రమునకు మొదటి సంఖ్యను వేయవలెను. నాడు దబీరు చేసిన పని అంతియే: ఉన్నదానిని ఉన్నట్లు వ్రాసి ఉంచెను.

మననమునకు ప్రశ్నలు

1. గ్రంథమునకును దస్తరమునకును భేదమేమి? ఒకే పెట్టెలో రెండును ఉన్నచో సహాయమును ఏ ద్వారముల కోరవలెను?
2. మెకంజీ సేకరణమునకు ధనము దొరికినను లక్ష్మయ్య కోరిక ఏల నెరవేరలేదు? దానివలన కలిగిన నష్టమేమి?
3. హళకట్టిగారి 1923 నాటి ప్రచురణమునకును 1993 నాటి ప్రభుత్వ సంపుటములకును గల సంబంధమును వివరింపుము.
4. మీ ఊరి మఠమున గాని, గ్రంథాలయమున గాని, పాఠశాలలో గాని 75 సంవత్సరములకు పైబడిన పత్రములు ఏవేవి కలవు? వానికి పట్టిక ఉన్నదా? లేనిచో ఎవరు, ఎన్ని దినములలో వ్రాయగలరు?